గరళమును జీర్ణించుకొన్న జీవులు – వైట్‌వుడ్ ఏటి చరిత్రము

దేవదానవులు పాలకడలిని చిలికినప్పుడు మొదట పుట్టినది హాలాహలము. అమృతము పిమ్మట వచ్చినది. ఈ కథ నెరుగని తెలుగువారు అరుదు. అమృతమును పంచుకొనుటకు చేతులు చాచినవారు అనేకులు. హాలాహలమును పుచ్చుకొనుటకు ముందుకు వచ్చినవాడు ఒక్కడే. ఆయనయు దానిని కడుపులోనికి పోనీయక కంఠముననే నిలుపుకొనెను. మానవుడు భూగర్భమును చిలికి బంగారము తీయు పనిలోను ఇదే వరుస కానవచ్చుచున్నది. బంగారమును పంచుకొన్నవారి పేర్లు గ్రంథములలో పదిలముగా నున్నవి. ఆ చిలుకుటలో పుట్టిన విషమును ఎవరు త్రాగిరి అను ప్రశ్నకు మాత్రము ఆ గ్రంథములలో సమాధానము దొరకుట కష్టము. పెక్కుచోట్ల దానిని త్రాగినది ఒక ఏరు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ డకోటా రాష్ట్రమున వైట్‌వుడ్ అను పేరుగల ఏరు ఒకటి కలదు. కృష్ణా గోదావరులతో పోల్చదగినది కాదు; మన పల్లెలలో వాగు అని పిలుచునంతటిది. లీడ్, డెడ్‌వుడ్ అను రెండు పట్టణముల చేరువ కొండలలో పుట్టి, ఈశాన్యముగా పారి, బెల్ ఫూష్ అను నదిలో కలియును. నూరేండ్లపాటు ఈ ఏరు ఒక బంగారు గని మురుగును మోసినది; చేప బ్రతుకజాలని నీరై పోయినది. 1984వ సంవత్సరమున ఆ గని నీటిని శుద్ధిచేయు పనికి కంటి కగపడని జీవులను నియోగించిరి. ఆ జీవులను ఏ దూరదేశమునుండియు తెప్పించలేదు. అవి గని విడిచిన విషజలములోనే స్వయముగా పుట్టి పెరుగుచున్నవి. వ్యాధి పుట్టినచోటనే మందు మొలచియున్నది. దానిని గుర్తించుటకు మాత్రము మానవునకు ఒక శతాబ్దము పట్టినది.

ఆ ప్రాంతపు కొండలకు బ్లాక్ హిల్స్ అని పేరు; నల్లకొండలని అర్థము. దట్టముగా పెరిగిన దేవదారు జాతి వృక్షములవలన అవి దూరమునకు నల్లగా కనబడును. లకోటా జాతివారు తమ భాషలో వానిని పహా సాపా అందురు. వారికి అవి పుణ్యస్థలములు. 1868వ సంవత్సరమున ఫోర్ట్ లారమీ అను కోటయొద్ద అమెరికా ప్రభుత్వమునకును, లకోటాలు మొదలగు సూ జాతి ప్రజలకును సంధి కుదిరెను. ఆ కొండలు ఆ ప్రజలకే చెందునని సంధిపత్రమున వ్రాసికొనిరి. ఆరేండ్లు గడచెను. 1874లో కస్టర్ అను సేనాని దండుతో ఆ కొండలలో ప్రవేశించెను. అచట బంగారము కలదని లోకమునకు తెలిసెను. అంతట జనము చీమలవలె క్రమ్ముకొనిరి. 1876 ఏప్రిల్ 9వ తేదీన మోజెస్ మాన్యుయెల్, ఫ్రెడ్ మాన్యుయెల్ అను అన్నదమ్ములు తమ తోడివారితో కూడి ఒక బంగారుచారను కనిపెట్టి, దానికి హోమ్‌స్టేక్ అని పేరిడిరి. 1877 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము ఒక చట్టముచేసి ఆ కొండలను సూ ప్రజల చేతినుండి తీసికొనెను. అదే సంవత్సరమున జార్జి హెర్స్ట్ అను ధనికుడు భాగస్వాములతో కలిసి ఆ గనిని 70,000 డాలర్లకు కొనెను.

ఈ భూమి తగవు నూరేండ్లు నడచెను. 1980వ సంవత్సరమున అమెరికా సుప్రీం కోర్టు సూ ప్రజలకు జరిగినది అన్యాయమేయని తేల్చి, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు మించిన పరిహారమును స్థిరపరచెను. ఆ ప్రజలు ఆ సొమ్మును ముట్టుకొనలేదు. తమకు కొండలే కావలెననిరి. ఏటి చరిత్రలో ఈ మాట యెందుకని పాఠకులు అడుగవచ్చును. నేల యెవరిదో వారి మాట చెల్లనిచోట, ఆ నేలపై పారు నీటి పక్షమున మాటాడువారు ఉండరు. వైట్‌వుడ్ ఏటికి పట్టిన దుర్దశకు మొదటి మెట్టు అదియే.

హోమ్‌స్టేక్ గనిలోని రాతిలో బంగారము చాల పలుచన. గని జీవితకాలమంతయు లెక్కించినచో, ఒక టన్ను రాతిని పొడిచేసిన పిమ్మట దొరకిన బంగారము సగటున ఒక తులమునకు తక్కువే. కావున లాభము రావలెనన్నచో కొండలకు కొండలే పిండి కావలెను. 1878లో 80 ఇనుప రోకళ్ళుగల దంపుడు మర పని ప్రారంభించెను. క్రమముగా అట్టివి మరికొన్ని లేచెను. దంచిన పొడిపై నీటిని పారించి, పాదరసము పూసిన రేకులమీదుగా జారవిడిచెడివారు. పాదరసము బంగారమును పట్టుకొనును. మిగిలిన బురద మాత్రము దారి చూచుకొని ఏటిలోనికి దిగెడిది. దానితోపాటు కొంత పాదరసమును దిగెడిది. ఆ రాతిలో సహజముగానే సంఖపాషాణము కలసియున్నది. దానినే ఆర్సెనిక్ అందురు. రాయి రాయిగా నున్నంతకాలము ఆ పాషాణము బంధింపబడి యుండును. పిండియై నీటిలో కలసినప్పుడు దానికి కట్లు తెగును.

1876 మొదలు 1977 వరకు ఇట్లు ఏటిలోనికి వదలిన రాతిపొడి సుమారు 10 కోట్ల టన్నులని అమెరికా భూగర్భ పరిశోధకులు లెక్కగట్టిరి. పట్టణముల మురుగును ఆ ఏటికే చేరెడిది. నీరు బూడిదవన్నెకు మారెను. వరద వచ్చినప్పుడెల్ల ఆ పొడి ఒడ్డులపై మేటవేయుచు, దిగువ మైదానములలో బారెడేసి దిబ్బలై నిలిచెను. అడుగున పురుగు లేదు, నాచు లేదు. పురుగును తిను చేప లేదు.

ఇంతలో మరియొక విషము తోడయ్యెను. 1887వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జాన్ స్టూవర్ట్ మకార్థర్ అను రసాయనికుడు, ఫారెస్టు సోదరులను ఇరువురు వైద్యులతో కలిసి, సయనైడు ద్రావణము బంగారమును రాతినుండి కరగించి వేరుచేయునని కనిపెట్టెను. పాదరసమునకు చిక్కని సన్నని బంగారము సైతము సయనైడునకు చిక్కును. ఈ పద్ధతి పదేండ్లలో ఖండాంతరములకు ప్రాకెను. చార్లెస్ మెరిల్ అను ఇంజనీరు 1901 ప్రాంతమున దానిని హోమ్‌స్టేక్ గనిలో నెలకొల్పెను.

సయనైడన్న మాట పల్లెలలో క్రొత్తగా తోచవచ్చును గాని, ఆ వస్తువు క్రొత్తది కాదు. జొన్న కోసిన పిమ్మట మోళ్ళనుండి చిగిర్చిన నామును గాని, వానలు లేక వాడిన లేత జొన్నపైరును గాని మేసిన పశువు ఊపిరాడక కూలిపోవుట రైతులందరు ఎరిగినదే. జొన్న తన లేత ఆకులలో దాచుకొను విషము సయనైడు కుటుంబమునకు చెందినదే. కఱ్ఱపెండలము యొక్క చేదుజాతి దుంపలలోను అది యున్నది. అది దేహములో ప్రవేశించినచో, గాలి పీల్చుచున్నను ఆ గాలిలోని ప్రాణవాయువును దేహము వాడుకొనలేదు. చేపలకు అది మరింత ప్రమాదకరము. మనుష్యునకు హాని చేయని స్వల్పపాలు సైతము వానిని చంపగలదు.

ఇదే సయనైడు పద్ధతి అప్పటి మైసూరు సంస్థానములోని కోలారు బంగారు గనులలోను నడచినది. ఆ గనులలో పని చేసినవారిలో తెలుగు మాటాడు కుటుంబములవారు అనేకులు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గనులు మూతపడినవి. సయనైడు దిబ్బలని జనులు పిలుచు రాతిపొడి కొండలు మాత్రము ఆ ఊరిప్రక్కనే నిలిచిపోయినవి. కావున వైట్‌వుడ్ ఏటి కథ తెలుగువారికి కేవలము పరాయి కథ కాదు.

1972వ సంవత్సరమున అమెరికా దేశములో జలశుద్ధి చట్టము కట్టుదిట్టము చేయబడెను. నదులలోనికి ఏమి వదలవలెనన్నను అనుమతి కావలెను. ఆ అనుమతికి హద్దులు కలవు. హోమ్‌స్టేక్ కంపెనీవారు 1977లో గ్రిజ్లీ గల్చ్ అను లోయకు అడ్డముగా కట్ట పోసి, రాతిపొడి బురదను అందు నిలుపజొచ్చిరి. నూరేండ్ల పిమ్మట ఏటికి బురద ఆగెను. విషము మాత్రము ఆగలేదు. కట్టవెనుక పేరుకొన్న నీటిలో సయనైడును, సయనైడు గంధకముతో కలియగా ఏర్పడు థయోసయనేటును, రాగి మొదలగు లోహములును కలసియుండెను. కట్టలో ఎంతకాలమని నీటిని నిలువగలరు? వానకును మంచునకును మట్టము పెరుగును. గని లోతులనుండి తోడివేయు నీరు వేరుగ కలదు. ఎప్పటికైనను ఏటిలోనికి విడువవలసినదే. విడుచుటకు ముందు దానిని శుద్ధి చేయు ఉపాయము కావలసివచ్చెను.

క్లోరిను మొదలగు రసాయనములతో సయనైడును విరుగగొట్టు పద్ధతులు అప్పటికే తెలిసినవి. వానికి వ్యయము మెండు. పైగా ఒక విషమును పోగొట్టుటకు వేసిన మందే నీటిలో మిగిలి చేపకు మరియొక విషముగా పరిణమించు భయము కలదు. ఇట్టి సమయమున కొందరి దృష్టి సూక్ష్మజీవులవైపు మరలెను.

సూక్ష్మజీవులను మొదట చూచినవాడు పండితుడు కాడు. హాలండు దేశమందలి డెల్ఫ్ట్ నగరమున ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడుండెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. బట్టల నేతను పరీక్షించు అద్దములవంటివానిని తానే నూరి, మరింత సన్నముగా చేసి, వానితో నీటిబొట్టును చూచి, 1676వ సంవత్సరమున అందు తిరుగాడు అతిసూక్ష్మ ప్రాణులను గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. ఆ పిమ్మట రెండువందల యేండ్లకు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు మరియొక వింతను కనిపెట్టెను. కొన్ని సూక్ష్మజీవులు అన్నముతో పనిలేక, గంధకము, ఇనుము, అమోనియా వంటి ఖనిజ పదార్థములనుండియే తమ శక్తిని సంపాదించుకొనును. మట్టిలోని అమోనియాను సురేకారపు జాతి లవణముగా మార్చునవి ఇట్టి జీవులేయని 1890 ప్రాంతమున ఆయన నిరూపించెను. మన ఊళ్ళ పాటిదిబ్బలలో సురేకారము పుట్టుటకును, ఆ పాటిమన్ను తోలిన చేను పచ్చగా పెరుగుటకును మూలకారణము ఈ జీవులే. పూర్వులు ఫలితము నెరుగుదురు, పనివారి నెరుగరు.

హోమ్‌స్టేక్ గనియందు జేమ్స్ విట్లాక్, టెర్రీ మడ్డర్ అను ఇరువురు పరిశోధకులు ఈ జ్ఞానమును పనిలో పెట్టిరి. వారు ఆలోచించిన రీతి సులభముగా అర్థమగునదే. ఎన్నో యేండ్లుగా సయనైడు కలసిన నీరు ఒకచోట నిలువయున్నప్పుడు, ఆ నీటిలో బ్రతుకుటకు అలవడిన జీవి ఏదో ఒకటి అందే యుండవలెను. జొన్నయు, కఱ్ఱపెండలమును సృష్టిలో నున్నంతకాలమునుండి మట్టిలోని జీవులు వాని విషమును విరుగగొట్టుచునే యున్నవి గదా! గని నీటిలో వెదకగా సూడోమోనాస్ అను జాతి సూక్ష్మజీవులు దొరకెను. వానికి సయనైడు ఆహారము. అందలి అంగారమును, నత్రజనిని అవి వాడుకొనును.

దొరకినంతమాత్రమున పని తీరలేదు. పలుచని విషమును తిను జీవి చిక్కని విషము తగిలినచో చచ్చును. కావున పరిశోధకులు ఆ జీవులకు మొదట కొంచెము, పిమ్మట మరికొంచెముగా మురుగునీటి పాలు హెచ్చించుచు అలవాటు చేసిరి. తట్టుకొనలేనివి నశించెను, తట్టుకొన్నవి వృద్ధి పొందెను. రైతు విత్తనమును ఏటేట ఏరుకొని మేలైన పైరు సంపాదించుటకును దీనికిని భేదము లేదు. చిన్న తొట్లలో ప్రారంభించి, ఫలితము స్థిరపడిన పిమ్మట పెద్ద కార్ఖానా నిర్మించిరి. 1984వ సంవత్సరమున అది పని ప్రారంభించెను. ఆ పద్ధతికి విట్లాక్, మడ్డర్‌లకు అదే యేట అమెరికా ప్రభుత్వమువారి పేటెంటు లభించెను.

ఆ కార్ఖానాలో 48 పెద్ద చక్రములుండెను. ఒక్కొక్కటి ఒకే ఇరుసునకు గ్రుచ్చిన పలుచని పళ్ళెముల వరుస. పళ్ళెము అడ్డుకొలత సుమారు 12 అడుగులు. చక్రముయొక్క క్రిందిభాగము తొట్టిలోని నీట మునిగియుండును; పైభాగము గాలిలో నుండును. అది మెల్లమెల్లగా తిరుగుచుండును. పళ్ళెములపై సూక్ష్మజీవులు చెరువు మెట్లమీది పాచివలె పట్టుకొని పెరుగును. నీట మునిగినప్పుడు అవి విషమును తినును. పైకి వచ్చినప్పుడు ప్రాణవాయువును పీల్చుకొనును. లోహములు ఆ పాచి జిగురునకు అంటుకొని నీటినుండి వేరగును. కాలక్రమమున పాచి పొరలుగా ఊడిపడును. దానిని తేర్చి తొలగింతురు.

48 చక్రములలో మొదటి 24 సయనైడు, థయోసయనేటులను విరుగగొట్టుట కేర్పడినవి. ఆ పని ముగియగనే నీటిలో అమోనియా మిగులును. అదియు చేపకు హానికరమే. కావున తక్కిన 24 చక్రములపై వినోగ్రాడ్‌స్కీ కనిపెట్టిన తెగకు చెందిన జీవులు కాపురముండి, అమోనియాను నైట్రేటుగా మార్చును. మొదటివారి ఎంగిలి రెండవవారికి భోజనము. ఒక తెగ పని చెడినచో రెండవ తెగకు పని లేదు. అటుపై నీటిని తేర్చి, ఇసుకగుండా వడియగట్టి ఏటిలోనికి విడుతురు. రోజునకు 55 లక్షల గాలన్ల నీటిని, అనగా సుమారు 2 కోట్ల లీటర్లను శుద్ధిచేయుటకు సరిపడునట్లు ఆ కార్ఖానాను కట్టిరి. సయనైడులో నూటికి తొంబదిపాళ్ళకు పైగా అచటనే అంతరించెడిది.

జీవులతో పని చేయించుకొనువాడు వానిని సాకవలెను. పశువుల కాపరికి ఈ మాట చెప్పనక్కరలేదు. సయనైడులో భాస్వరము లేదు. భాస్వరము లేక ఏ జీవియు పెరుగదు. కావున నీటిలో కొలతప్రకారము భాస్వరమును కలిపెడివారు. అమోనియాను మార్చు తెగకు క్షారము తగ్గినచో పని సాగదు, సోడాను చేర్చెడివారు. అన్నిటికంటె గడ్డు సమస్య చలి. ఆ కొండలలో శీతకాలమున మంచు మూరలకొలది కురియును. కట్టలోని నీరు గడ్డకట్టు స్థితికి వచ్చును. చలికి సూక్ష్మజీవులు మందగించును. అందులకు విరుగుడు గనిలోనే దొరకెను. హోమ్‌స్టేక్ గని 8,000 అడుగుల లోతునకు దిగినది. అంత లోతున రాయి వేడిగా నుండును. అచటినుండి తోడివేయు నీరు వెచ్చగా వచ్చును. ఆ వెచ్చని నీటిని కట్టలోని చల్లని నీటితో కలిపి చక్రములకు అందించిరి.

కొన్ని యేండ్లకు వైట్‌వుడ్ ఏటిలో మార్పు కానవచ్చెను. అడుగురాళ్ళకు నాచు పట్టెను. నాచును తిను పురుగులు చేరెను. పురుగులను వెదకికొనుచు ట్రౌటు అను చేపలు వచ్చెను. ట్రౌటు చల్లని, నిర్మలమైన నీటిలో తప్ప నిలువని చేప. దాని రాకకు మించిన యోగ్యతాపత్రము ఏటికి మరియొకటి లేదు. తాతలనాడు కూడ చేప నెరుగని ఏటియొడ్డున మనుమలు గాలములు పట్టుకొని కూర్చుండిరి.

సూక్ష్మజీవులన్నియు మానవునకు మేలు చేయుటకే పుట్టినవని తలచుట పొరపాటు. అవి తమ తిండి తాము తినును. అది మనకు మేలగునో కీడగునో వానికి తెలియదు. 1947వ సంవత్సరమున కోల్మర్, హింకిల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు బొగ్గుగనులనుండి కారు పుల్లని నీటిని పరీక్షించి, అందు ఇనుమును తిని బ్రతుకు జీవులను కనిపెట్టిరి. గనులు త్రవ్వునప్పుడు గంధకము, ఇనుము కలసిన మాక్షికపు రాయి గాలికిని నీటికిని బయటపడును. ఆ రాయి తనంతట తాను మెల్లగా కరగి ఆమ్లమగును. ఈ జీవులు చేరినచో ఆ కరగుట ఎన్నో రెట్లు వేగమగును. ఆ ఆమ్లము ఏళ్ళకు ఏళ్ళనే ఎఱ్ఱబరచి చంపినది. అనగా గనినీటిని పాడుచేయువారిలోను సూక్ష్మజీవులే కలవు.

వీనికి విరుగుడైన తెగయు ప్రకృతిలోనే కలదు. లీవెన్‌హుక్ నివసించిన డెల్ఫ్ట్ నగరముననే 1895లో బైయెరింక్ అను శాస్త్రజ్ఞుడు, గాలి చొరని బురదలో నివసించుచు గంధకామ్లపు లవణములను విరుగగొట్టు జీవులను కనుగొనెను. చెరువు అడుగు బురదను కెలికినప్పుడు వచ్చు కుళ్ళుగ్రుడ్డు వాసన వాని పనియే. ఆ వాయువు లోహములను పట్టి నల్లని మడ్డిగా అడుగునకు దించును. నీటి పులుపును విరుగును. అమెరికాలో ఆమ్లజలము పారుచున్న ఒకచోట రంపపు పొట్టు కుప్ప అడ్డుకట్టవలె పడియుండెను. దానిగుండా జారిన నీరు దిగువకు వచ్చుసరికి పులుపు తగ్గియుండుటను పరిశీలించి టటిల్, డూగన్, రాండిల్స్ అను శాస్త్రజ్ఞులు, పొట్టును తినుచు పెరుగు ఈ జీవులే అందులకు కారణమని 1969లో ప్రకటించిరి. ఎవరును పనిగట్టుకొని నిర్మించని వైద్యశాల అది. నేడు పెక్కు దేశములలో పాత గనుల క్రింద పెంట, పొట్టు, సున్నపురాయి పరచిన మడుగులను కట్టి ఈ జీవులచేత పని చేయించుకొనుచున్నారు. గాలియు మాక్షికమును దొరకినచోట ఒక తెగ పెరుగును. గాలి లేక పొట్టు దొరకినచోట మరియొక తెగ పెరుగును. ఎవరికి చోటిచ్చుటయో మానవుని చేతిలో నున్నది.

ఇంతవరకు చెప్పినది వైట్‌వుడ్ ఏటి చరిత్రలో జమ పద్దు. ఖర్చు పద్దును చూపక లెక్క ముగించుట న్యాయము కాదు. సయనైడు రెండు మూలకముల కలయిక. దానిని విడదీసినచో విషము నశించును. ఆర్సెనిక్, పాదరసములు స్వయముగా మూలకములు. వానిని ఏ జీవియు తిని లేకుండ చేయజాలదు. రూపు మార్చవచ్చును, చోటు మార్చవచ్చును, అంతే. చక్రములపై పెరిగిన జీవులు క్రొత్తగా వచ్చు నీటిని శుద్ధిచేసెను గాని, నూరేండ్లుగా ఒడ్డులపై మేటవేసిన పొడిలోని పాషాణము వాని చేతికి అందలేదు. 1983లో అమెరికా ప్రభుత్వము ఆ ఏటి తీరమున 18 మైళ్ళ పొడవును దేశమందలి మిక్కిలి కలుషిత స్థలముల పట్టికలో చేర్చెను. కొన్ని ఇండ్ల పెరళ్ళ మన్నును త్రవ్వి తొలగించిరి. మేటవేసిన నేలలో క్రొత్తగా ఇండ్లు కట్టకుండ కట్టడులు చేసిరి. 1996లో ఆ స్థలము పట్టికనుండి తొలగింపబడెను. దిబ్బలు మాత్రము చాలవరకు ఉన్నచోటనే యున్నవి. హాలాహలములో కొంత జీర్ణమైనది. కొంత నేటికిని కంఠముననే యున్నది.

హోమ్‌స్టేక్ గనినుండి తీసిన బంగారము మొత్తము సుమారు 4 కోట్ల ఔన్సులు. 2002వ సంవత్సరముతో గని పని ముగిసినది. ఆ లోతులలో నేడు భౌతికశాస్త్ర పరిశోధనశాల నడచుచున్నది. బంగారము లోకమంతట చెదరిపోయినది; ఎవరి మెడలో ఎంత యున్నదో చెప్పువారు లేరు. రాతిపొడి మాత్రము ఒక్క గుప్పెడైనను పరులపాలు కాలేదు. తీసికొన్నవారు గడించినది ఒక ఖాతాలోను, ఏరు పోగొట్టుకొన్నది మరియొక ఖాతాలోను వ్రాయుటవలననే నూరేండ్లు లాభము లాభముగా కనబడినది. రెండును ఒకే పుటలో వ్రాసియున్నచో ఆ కార్ఖానా 1984 వరకు ఆగవలసిన పనియుండెడిది కాదు. చక్రములపై పనిచేసిన జీవులు 1884లోను మట్టిలో నున్నవి. లీవెన్‌హుక్ జాబు అప్పటికే రెండువందల యేండ్ల పాతది. ఆ జాబును చదివినవారును, గనిని నడపినవారును ఒకరినొకరు ఎరుగకుండుటయే జరిగిన నష్టము.

ప్రతి గ్రామమునకును ఒక చెరువో, ఒక వాగో కలదు. దానిలోనికి ఏది పోయినను నీరు కడిగివేయునని పెద్దలు నమ్మిరి. ఆ నమ్మకము నిరాధారము కాదు. నీటిలో కడుగువారు నిజముగానే కలరు. వారి సంఖ్య అనంతము, వారి ఓర్పు అపారము. వారికి గాలియు, తిండియు, వ్యవధియు కావలెను. వారు తినగలిగిన దానికంటె ఎక్కువ వడ్డింపరాదు. వారు తినలేనిదానిని అసలే వేయరాదు. వైట్‌వుడ్ తీరవాసులు ఈ మూడు నియమములను నేర్చుటకు నూరేండ్ల నీటిని వెలయిచ్చిరి. కోలారు దిబ్బలయొద్ద వాన కురిసినప్పుడు ఆ మన్నులోనుండి కారు నీరు ఏ దారిని పోవుచున్నదో, అందు ఏ జీవులు పెరుగుచున్నవో పరిశీలించి చూచు పని, ఆ పొరుగున తెలుగు మాటాడు ఊళ్ళలో పుట్టి చదువుకొనుచున్న పిల్లలకొరకు వేచియున్నది.